షెడ్డే కదా!

చెప్పులు విప్పకండి. నిన్న సాయంత్రం కమ్మీలు కట్టినవాళ్లు వదిలేసిన బైండింగ్ వైరు ముక్కలు పెరడంతా ఉన్నాయి. వేపచెట్టు దాటి ఇటు రండి. కుడితి తొట్టి పక్కన నిలబడితే అంతా కనిపిస్తుంది. ఇంకా ఐదున్నర కాలేదు. రోళ్లు పగిలే రోహిణి కార్తె ఇది, బారెడు పొద్దెక్కితే ఇక్కడ నిలబడలేం. అందుకే మేస్త్రి అందర్నీ చీకటితోనే రప్పించాడు.

నరసరావుపేటకి దగ్గర్లోని పల్లె ఇది. మీ ముందున్నది మా బాబాయి వాళ్ల ట్రాక్టరు షెడ్డుకి పోయబోయే నేల. పొడుగు 18 అడుగులు, వెడల్పు 12. చుట్టూ చెక్కలు నిలబెట్టి, వెనక గూటాలు దిగ్గొట్టారు. మధ్యలో ఎనిమిదేసి అంగుళాల ఎడంతో కమ్మీలు అల్లి, కింద కవర్ బ్లాకులు పెట్టి లేపారు. దీని మీద ఐదంగుళాల కాంక్రీటు పడాలి. లెక్కకి 90 ఘనపుటడుగులు, 21 బస్తాల సిమెంటు. పైన రేకులు, పక్కన ఇనప పైపుల స్తంభాలు. ట్రాక్టరు, మందు కొట్టే స్ప్రేయరు, ఎరువుల బస్తాలు, పశువుల దాణా, అన్నీ దీని కిందే ఉండాలి.

అటు కంచె పక్కన గుట్టగా పడున్న పెచ్చులు చూశారా? పాత షెడ్డు నేల అది. నల్లరేగడి మీద నేరుగా కంకర పరిచి పోసేశారు అప్పట్లో. ఈ నేలలో మాంట్‌మోరిలొనైట్ అనే బంకమట్టి ఖనిజం ఉంటుంది. దాని పొరల మధ్యకి నీరు దూరితే మట్టి ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి చెయ్యి పట్టేంత బీటలు తీస్తుంది. వానాకాలంలో పైకి తోసి, ఎండాకాలంలో కింద ఖాళీ వదిలేసే అలాంటి నేల మీద పల్చటి కాంక్రీటు ఎంతకాలం నిలుస్తుంది? మధ్యలో ఉబ్బి, అంచులు విరిగి, చివరికి ట్రాక్టరు వెనక చక్రం ఒక పెచ్చుని లేపేసింది.

ఈసారి బాబాయి మూడడుగుల లోతున నల్లమట్టి తీయించాడు. ఎర్ర గ్రావెల్ తోలించి, అర అడుగు పరచడం, తడపడం, దిమ్మిసతో కొట్టడం, మళ్లీ అర అడుగు పరచడం. నల్లరేగడి మీద ఉబ్బని బంకమట్టి పొర తగినంత మందాన వేస్తే కింది మట్టి ఉబ్బు అణుగుతుందని ఐఐటీ బొంబాయిలో ఆచార్య ఆర్.కె. కట్టి ఏళ్ల తరబడి పరిశోధించి చూపించారు. ఈ ఎర్ర గ్రావెల్, అంటే మొరం, అలాంటి పొరకి బాగా పనికొస్తుంది. బాబాయి ఆ పరిశోధన చదివినవాడు కాదు. పాత నేల పెచ్చుల్ని చేత్తో ఎత్తి చూసినవాడు, అంతే.

ఈ మూడు వారాల్లో ఈ పెరట్లో ఎక్కువగా వినిపించిన మాట ఒకటుంది. షెడ్డే కదా, మూడడుగులు ఎందుకు? షెడ్డే కదా, కమ్మీ దండగ. షెడ్డే కదా, మిల్లరు దేనికి, కింద పోసి పారతో తిప్పేస్తే పోలా? అన్నవాళ్లంతా మంచి మనసుతోనే అన్నారు, ఖర్చు తగ్గుతుందనే అన్నారు. కానీ లోపలికొచ్చే ట్రాక్టరు రెండు టన్నుల బరువు. ఆ బరువు మోసేది మేడా, షెడ్డా అని చూసి కాంక్రీటు తన గుణం మార్చుకోదు.

కాంక్రీటు కలిపే మిల్లరు వచ్చింది. ట్రాక్టరు వెనక కట్టి ఈడ్చుకొచ్చారు. డీజిల్ ఇంజను, ఒక బస్తా పట్టే డ్రమ్ము. కుర్రాడు హ్యాండిల్ తిప్పుతున్నాడు. రెండుసార్లు దగ్గి మూడోసారి అందుకుంది. ఇక మాట్లాడాలంటే అరవాల్సిందే.

ముందు మేస్త్రి ఏం చేస్తున్నాడో చూడండి. సిమెంటు బస్తాల దగ్గరికెళ్లి, సంచి మీద అచ్చువేసిన వారం, నెల చదువుతున్నాడు. తర్వాత ఇసుక గుట్ట. రాత్రి దిగిన ఇసుక, ఇంకా తడిగానే ఉంది. గుప్పెడు తీసి పిసికి చెయ్యి తెరిచాడు. ముద్ద విడిపోలేదు. అరచెయ్యి తడిసింది.

"నీళ్ల కొలత తగ్గించాలి, ఇసుక కొలత పెంచాలి," అన్నాడు మిల్లరు కుర్రాడితో.

కుర్రాడికి అర్థం కాలేదు. మీకూ వింతగానే ఉండొచ్చు. తడి ఇసుక రేణువుల చుట్టూ నీటి పొర చేరి వాటిని ఎడంగా పెడుతుంది. ఐదు శాతం తడి ఉన్న ఇసుక పొడి ఇసుక కంటే పావు వంతు దాకా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. పెట్టెతో కొలిచి పోస్తే పెట్టె నిండినట్టే ఉంటుంది గానీ అందులో ఇసుక తక్కువ, నీళ్లు ఎక్కువ. బస్తాకి 80 కిలోల ఇసుక పడుతుందనుకుంటే ఆ తడి రూపంలోనే నాలుగు లీటర్ల నీళ్లు ముందే డ్రమ్ములోకి వెళ్లిపోతాయి. మన దేశపు ప్రమాణం ఐఎస్ 456, ఎం20 శ్రేణి కాంక్రీటుకి 50 కిలోల సిమెంటు బస్తాకి 30 లీటర్ల నీళ్లకి మించొద్దంటుంది. అందులో నాలుగు ఇసుకే తెచ్చేసింది.

మేస్త్రి పెయింటు డబ్బా లోపల మేకుతో ఒక గీత గీశాడు. నీళ్లు ఆ గీత దాకానే. మిల్లరు పక్కకి లాగిన రబ్బరు పైపుని చుట్ట చుట్టి తీసుకెళ్లి పశువుల తొట్టి దగ్గర పడేశాడు. ఈ పొద్దున ఇక్కడ జరిగిన పనులన్నిటిలోకీ ఇదే పెద్దదని నా నమ్మకం. పైపు చేతికందితే ఎవరో ఒకరు నీళ్లు వదులుతారు. మాలు జారుగా ఉంటే బొచ్చెలో నుంచి సులువుగా పడుతుంది, బద్దతో లాగితే సులువుగా పరుచుకుంటుంది, నడుములకి సుఖం. మోసేవాళ్లని తప్పుపట్టడానికి లేదు, ఈ ఎండలో ఒక్కో బొచ్చె ఎత్తి చూస్తే తెలుస్తుంది.

కానీ సిమెంటు రసాయనికంగా పట్టుకునేది తన బరువులో పావు వంతు నీటినే. మిగతా నీళ్లు మాలు కదలడానికి. ఆ మిగులు నీరు ఎప్పటికైనా ఎగిరిపోవాల్సిందే, పోతూ పోతూ తానున్న చోట సన్నటి బొరియలు వదిలిపోతుంది. నీటికీ సిమెంటుకీ ఉండే నిష్పత్తే కాంక్రీటు బలాన్ని నిర్ణయిస్తుందని 1918లో షికాగోలోని లూయిస్ ఇన్‌స్టిట్యూట్‌లో డఫ్ ఏబ్రమ్స్ సూత్రీకరించాడు. ఆ తర్వాత వందేళ్లలో రకరకాల సిమెంట్లు, రసాయనాలు వచ్చాయి. ఆ సూత్రం మాత్రం ఈ పెరట్లో కూడా చెల్లుతుంది.

మొదటి కలుపు దిగుతోంది. జరగండి, చిందుతుంది. గారెల పిండిలా గట్టిగా, కదిలించి పోస్తే తప్ప పడనంటూ కూర్చుంది బొచ్చెలో. ఆడవాళ్లు ఒకరి చేతి నుంచి ఒకరు అందుకుంటున్నారు. దూరపు మూల నుంచి మొదలుపెట్టి ఇటు వస్తున్నారు. ఒకతను వైబ్రేటరు సూదిని మాలులో నిలువుగా దించుతున్నాడు. చూడండి, గట్టిగా కూర్చున్న మాలు ఒక్కసారి వదులై సర్దుకుంది, పైకి బుడగలొచ్చాయి. నీళ్లు పోసి సాధించాలనుకునే పనిని ఈ సూది నీళ్లు లేకుండా చేస్తుంది. బుడగలు ఆగగానే తీసేయాలి. ఇంకా అక్కడే పెడితే కంకర కిందికి, సిమెంటు పాలు పైకి పోతాయి.

ఒకామె, "మేస్త్రీ, చేతులు పడిపోతున్నాయి, కాసిని నీళ్లు పోయించయ్యా," అంది. మేస్త్రి నవ్వి, "అక్కా, మజ్జిగ పోయిస్తా," అన్నాడు. పిన్ని నిజంగానే మజ్జిగ కుండ పట్టుకొచ్చింది.

ఎనిమిదైంది. పని లయలో పడింది. పదకొండో బస్తా డ్రమ్ములో తిరుగుతోంది. అప్పుడు విన్నారా ఆ చప్పుడు? ఇంజను అరుపు ఒక్కసారి పెరిగింది, డ్రమ్ము మాత్రం ఆగింది. బెల్టు తెగింది.

మిల్లరు కుర్రాడి దగ్గర రెండో బెల్టు లేదు. నరసరావుపేట వెళ్లి తేవాలి. బాబాయి బండి తాళాలు ఇచ్చి పంపాడు. ఆ డ్రమ్ములో ఉన్న మాలు అందరూ కలిసి పారలతో తీసి పోసేశారు. ఇప్పుడు ప్రశ్న, మిగతా సగం ఏం చేయాలి?

సిమెంటుకి నీళ్లు తగిలిన క్షణం నుంచి గడియారం నడుస్తూనే ఉంటుంది. ఎండ ముదిరేకొద్దీ ఇంకా తొందరగా నడుస్తుంది. ఇప్పుడు పోసిన అంచు వాలుగా, జారి ఉంది. గంటన్నర, రెండు గంటలయ్యాక దాని మీద కొత్త మాలు పోస్తే రెండూ కలవవు. మధ్యన ఒక పొర ఏర్పడుతుంది. కూలీలు దాన్ని అతుకు అంటారు. చక్రం ఆ వాలు అతుకు మీదుగా వెళ్లిన ప్రతిసారీ పల్చటి పైపెదవి విరుగుతూ పోతుంది.

మేస్త్రి ఆలోచించింది కాసేపే. "చెక్క తేండి," అన్నాడు. సరిగ్గా తొమ్మిదడుగుల దగ్గర అడ్డంగా ఒక చెక్క నిలబెట్టి, కమ్మీలు పోవడానికి కింద గాట్లు కోసి, వాలుగా జారిన మాలుని పారతో వెనక్కి తోసి, ఆ చెక్కకి ఆనించి నిలువుగా తేల్చేశాడు. పనికిరాని మాలు తీసి బయట పోశాడు. "అతుకు ఎటూ వస్తది. మనం పెట్టిన చోట, నిట్టనిలువుగా వస్తే ఫరవాలేదు. దానంతటది ఎక్కడో వస్తేనే నష్టం," అన్నాడు బాబాయితో. 18 అడుగుల నేలని ఎలాగూ మధ్యలో ఒక గాడి కోసి విడదీయాల్సిందే, లేకపోతే కాంక్రీటు కుంచించుకునేటప్పుడు తనకి నచ్చిన చోట పగులుతుంది. బెల్టు తెగడం ఆ గాడిని పొద్దున్నే తెచ్చిపెట్టింది.

ఇప్పుడు ఇటు, పొద్దున పోసిన మూల దగ్గరికి రండి. వంగి చూడండి. తొమ్మిదిన్నర ఎండ. పడమటి గాలి వేడిగా కొడుతోంది. చెక్క తాపీతో నునుపు చేసి గంట కాలేదు. పైన ఉండాల్సిన తడి మెరుపు లేదు, మసక బారింది. అదిగో, అక్కడ. జానెడు పొడుగున, వెంట్రుక మందాన గీత. పక్కనే ఇంకోటి. ఒకదానికొకటి ఏటవాలుగా, సమాంతరంగా వరసలు కడుతున్నాయి.

పోసిన కాంక్రీటులో కంకర కిందికి సర్దుకుంటుంటే నీరు నెమ్మదిగా పైకి తేలుతుంది. ఆ తేలే వేగం కంటే గాలీ ఎండా దాన్ని లాగేసే వేగం ఎక్కువైతే, ఇంకా బలం రాని పైపొర ముడుచుకుని చీలుతుంది. గంటకి చదరపు మీటరు నుంచి ఒక లీటరు నీరు ఎగిరిపోతోందంటే ఇలాంటి చీలికలకి సిద్ధపడాల్సిందే. రోహిణి కార్తెలో, వడగాలిలో, పల్నాడులో అంతకంటే తక్కువ ఉంటుందని ఎవరూ ఆశపడకూడదు.

"గోతాలు!" మేస్త్రి కేక. పిన్ని పశువుల కొట్టంలోంచి గోనెసంచులు లాక్కొచ్చింది. మేస్త్రి పలకేసుకుని దాని మీద మోకాళ్లు ఆన్చి కూర్చున్నాడు, చీలికలున్న చోటల్లా ఇనప తాపీ గట్టిగా ఒత్తి మళ్లీ రుద్దుతున్నాడు. ఇంకా బిగుసుకోలేదు కాబట్టి లోపలి పదును పైకొచ్చి చీలిక మూసుకుంటోంది. ఇంకో అరగంట ఆలస్యమైతే ఇది కుదరదు. పైపైన సిమెంటు పాలు పూసి దాచేయడమే మిగులుతుంది, అలా దాచిన చీలిక మళ్లీ కనిపిస్తుంది. అతని వెనకే పిన్ని, తడిపి పిండిన గోతాలు ఒక్కొక్కటే పరుస్తూ వస్తోంది. నేరుగా నీళ్లు చల్లనివ్వలేదు మేస్త్రి, పైపొర కొట్టుకుపోతుందని. పడమటి వైపు రెండు గడలు పాతి టార్పాలిన్ పట్టా అడ్డం కట్టారు. గాలి ఆగింది. ఎండ మాత్రం ఆగలేదు.

బెల్టు వచ్చేసరికి పన్నెండు దాటింది. అందరూ వేపచెట్టు కింద అన్నాలు తింటున్నారు. ఇక్కడే ఆ మాట మళ్లీ వచ్చింది. రేపు తెల్లారి పోద్దామని మేస్త్రి. మిల్లరు బాడుగ ఇవాళ్టికే, రేపు అది వేరే ఊరికి పోవాలని కుర్రాడు. కూలి ఇవాళ్టికి ఎలాగూ ఇవ్వాలి కదా, షెడ్డే కదా, చల్లబడ్డాక పోసేద్దామని చూడ్డానికొచ్చిన పక్కింటాయన. బాబాయి ముగ్గురి ముఖాలూ చూశాడు. రెండు రోజుల కూలి చిన్న మొత్తం కాదు, మిర్చి ధర కూడా ఈ ఏడు అనుకున్నంత లేదు. నాలుగింటికి మొదలుపెట్టాలని తేల్చారు. అది తప్పు నిర్ణయమని ఇప్పుడు చెప్పడం సులువు. ఆ నీడలో, ఆ లెక్కల మధ్య కూర్చున్నప్పుడు అది సబబుగానే అనిపించింది.

నాలుగున్నర. రెండో సగం చకచకా సాగుతోంది. పొద్దుటి చెక్క తీసేశారు. ఆ నిలువు ముఖాన్ని ఇనప బ్రష్షుతో గరుకు చేసి, తడిపి, సిమెంటు పాలు రాసి కొత్త మాలు ఆనిస్తున్నారు. గాలి పడిపోయింది. ఆకు కదలడం లేదు. చెమట ఆరడం లేదు. పిన్ని ఒక్కతే తలెత్తి పడమటికి చూసింది. "అన్నయ్యా, అటు చూడు."

కొండ వెనక నల్లగా లేచింది.

ఐదున్నరకి చివరి బొచ్చె పడింది. బద్ద ఇంకా లాగుతున్నారు. గాలిదుమారం ముందు వచ్చింది. దుమ్ము, వేపాకులు, వేపపళ్లు, కోళ్ల ఈకలు, అన్నీ ఆ తడి కాంక్రీటు మీదే. కళ్లు మూసుకోండి. పొద్దున గాలికి అడ్డం కట్టిన పట్టాని విప్పి పైన కప్పాలని నలుగురు పట్టుకున్నారు, నాలుగు మూలలూ నలుగురినీ లాగేస్తున్నాయి. ఇటుకలు పెట్టారు అంచుల మీద. మొదటి చినుకు నా మెడ మీద పడ్డప్పుడు గోలీకాయంత ఉంది. ఆ తర్వాత చినుకులు లేవు, ధారలే.

పట్టా కప్పిన భాగం నిలిచింది. ఇటు, తూర్పు చివర మాత్రం మీరు చూస్తున్నదే. డాబా తూములోంచి పడ్డ నీళ్లు పెరడంతా ప్రవాహమై షెడ్డు పల్లపు అంచుకి చేరాయి. గూటాల కింది మట్టి మెత్తబడింది. చెక్క ముందు వంగింది, ఆ తర్వాత ఒక గూటం లేచి వచ్చింది. సందులోంచి బూడిదరంగు నీళ్లు. సిమెంటు పోతోంది. మేస్త్రి ఆ వానలో మోకాళ్ల మీద కూర్చుని చెక్కని భుజంతో నొక్కిపట్టాడు. బాబాయి గునపంతో గండి కొట్టి నీళ్లని వీధి వైపు మళ్లించాడు. ఇద్దరి మధ్యా ఒక్క మాట లేదు. వాన ముప్పావుగంట కురిసి, ఎంత తొందరగా వచ్చిందో అంత తొందరగా పోయింది.

రాత్రి ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. పైన గుంటలు పడ్డ చోట పొడి సిమెంటు చల్లి రుద్దేద్దామని ఒక కూలీ అన్నాడు. చాలాచోట్ల చేసేది అదే. తడిని ఆ పొడి పీల్చుకుని చూపుకి నున్నగా అవుతుంది, కానీ అది కిందిదానితో కలవని పల్చటి పొర. నెలలు తిరగకుండా పెళుసుగా లేచిపోతుంది. మేస్త్రి వద్దన్నాడు.

తెల్లారింది. పట్టా తీశారు. రండి, ఇప్పుడు మనకి తెలుస్తుంది.

మేస్త్రి చేతిలో ఇనప మేకు. పొద్దుటి సగం మీద గీశాడు. తెల్లటి సన్నగీత, కిర్రుమని చప్పుడు. మంచిదే. రెండో సగంలో పట్టా కింది భాగం మీద గీశాడు. కొంచెం పొడి రాలింది, కింద గట్టిగానే ఉంది. ఇనప బ్రష్షుతో ఆ పైపొర తీసేస్తే చాలు. చివరి మూడడుగుల దగ్గర గీశాడు. మేకు దిగబడింది. చెక్క లాగేసి పక్క నుంచి చూశాడు. కంకర పళ్లు ఇకిలించింది, మధ్యలో సిమెంటు లేదు, వేలు దూరుతోంది. లోపల కమ్మీ కనిపిస్తోంది. అడుగున గ్రావెల్ కొట్టుకుపోయి బొరియ పడింది.

"పగలగొట్టాలి," అన్నాడు.

బాబాయి కుడితి తొట్టి గట్టు మీద కూర్చుండిపోయాడు. "మూడడుగులేగా మేస్త్రీ. పైన గట్టిగా ఒక పూత పూద్దాం. పక్కన ఇటుకలు కట్టేద్దాం."

"పూత పూస్తే మీకు కనపడదన్నా. చక్రానికి కనపడద్ది. గుమ్మం ఇటే. ట్రాక్టరు ఎక్కేది, దిగేది ఈ మూడడుగుల మీదే." కాసేపాగి, "ఇవాళైతే గునపానికి వస్తది. వారం పోతే డ్రిల్లు తేవాలి, ఆ అదురుకి మంచి నేల కూడా చెడద్ది," అన్నాడు.

నిన్న పొద్దుటి నుంచి జరిగిన వాటిలో నన్ను ఎక్కువగా కదిలించింది ఈ క్షణమే. బెల్టు తెగడం, వాన రావడం ఎవరి చేతిలో లేవు. కానీ చెడిపోయిందని ఒప్పుకుని, నిన్న తన చేతులతో పోసినదాన్ని ఇవాళ తన చేతులతో తీయించడానికి మేస్త్రికి ఉండాల్సిన ధైర్యం, ఖర్చు తనది కాదు కదా అని మౌనంగా వెళ్లిపోకుండా ఆ మాట యజమానికి ఎదురుగా చెప్పడం, ఈ వృత్తిలో నేను చూసిన గొప్ప విషయం. దాన్ని ఏ పుస్తకమూ కొలిచి చెప్పదు. ఐఎస్ 456లో దానికి నిబంధన లేదు.

పిన్ని తేల్చేసింది. "పగలగొట్టండి అన్నయ్యా. ఆ కంచె పక్కన పెచ్చులు ఎన్నాళ్ల నుంచి చూస్తున్నానో నాకు తెలుసు."

పని మొదలైంది. ముందు దారం పట్టి తిన్నటి గీత. దాని వెంబడి సుత్తి, శానంతో ఒకే వరస గాడి, అతుకు నిలువుగా రావాలని. తర్వాతే గునపం. ఒక్కరోజు వయసు కాంక్రీటు అది, ముక్కలై వస్తోంది, చప్పుడు మాత్రం వినలేకున్నాం. కమ్మీల్ని కోయలేదు. వాటికి అంటిన ముద్దల్ని సుత్తితో తట్టి రాల్చారు. అడుగున కొట్టుకుపోయిన చోట కొత్త గ్రావెల్ నింపి దిమ్మిసతో మళ్లీ కొట్టారు. గూటాలు ఈసారి రెట్టింపు లోతుకి దిగాయి. డాబా తూముకి ఒక పైపు బిగించి నీళ్లు వీధి కాలవలోకి పోయేలా చేశాడు బాబాయి, అది ముందే ఉండాల్సిందని ఎవరూ అనలేదు.

మూడడుగుల కోసం మళ్లీ మిల్లరు తేలేరు. 15 ఘనపుటడుగులు, మూడున్నర బస్తాలు. ఇనప రేకు పరిచి దాని మీద చేత్తోనే కలపాలి. చేతితో కలిపితే సమంగా కలవదు కాబట్టి మేస్త్రి ఒక అర బస్తా సిమెంటు అదనంగా వేయించాడు. ముందు ఇసుక, సిమెంటు పొడిగా రంగు ఒక్కటయ్యేదాకా తిప్పారు, తర్వాత కంకర, చివరికి నీళ్లు, గీత దాకానే. మర్నాడు పొద్దున, గాలి లేవకముందే పోయడం అయిపోయింది. వెంటనే పట్టా, దాని కింద తడి గోతాలు.

ఇప్పుడు వరి మడుల్లాగే నేల మీద మట్టికట్టలు కట్టి నీళ్లు నిలిపారు. అంచులు ఆరకుండా పక్కల మీద వరిగడ్డి పరిచి తడుపుతున్నారు. కాంక్రీటు గట్టిపడడం అంటే ఆరడం కాదు. నీరు, సిమెంటు కలిసి కొత్త స్ఫటికాలు అల్లుకోవడం. నీరు అయిపోతే అల్లిక అక్కడితో ఆగుతుంది. మామూలు సిమెంటుకి కనీసం ఏడు రోజులు తడి నిలపమంటారు, వడగాలి రోజుల్లో పది. మొదటి రోజు పొద్దున మేస్త్రి చదివిన సంచి మీద పీపీసీ అని ఉంది. అంటే థర్మల్ కేంద్రాల బూడిద కలిసిన సిమెంటు. ఆ బూడిద నెమ్మదిగా పనిచేస్తుంది, మొదట బలం తక్కువగా వచ్చి తర్వాత పుంజుకుంటుంది. అందుకని రెండు వారాలు. ఆ బాధ్యత పిన్ని తీసుకుంది. పొద్దునా సాయంత్రం పశువులకి నీళ్లు పెట్టే వేళకే మడులు నింపుతోంది.

కూలి లెక్క దగ్గర మాత్రం సులువుగా తేలలేదు. వానకి ఎవరు బాధ్యులు? సిమెంటు, ఇసుక తనవేనని బాబాయి ఒప్పుకున్నాడు. పగలగొట్టిన రోజు తన కూలి వద్దని మేస్త్రి అన్నాడు, కూలీలది మాత్రం ఇవ్వాల్సిందేనని పట్టుబట్టాడు. బాబాయి రెండూ ఇచ్చాడు. మేస్త్రి తన వాటా తిప్పి పిన్ని చేతిలో పెడితే ఆమె తీసుకోలేదు.

రెండు వారాలు నిండాయి. మృగశిర కార్తె వచ్చింది, రెండు పదును వానలు పడ్డాయి. నీళ్లు వదిలేసి, మట్టికట్టలు తీసేసి నేల కడిగారు. మేస్త్రి సుత్తి మొనతో అడుగడుక్కీ తట్టుకుంటూ వెళ్తున్నాడు, వినండి. గట్టి శబ్దం, గట్టి శబ్దం. పొద్దుటి మూల దగ్గర ఒకచోట కొంచెం బోలుగా పలికింది. అక్కడ సుద్దతో గుండ్రంగా గీశాడు. స్తంభాల బోల్టులు ఆ చోటుకి దూరంగానే ఉన్నాయని కొలిచి చూసుకున్నాడు. చీలికలు కనిపించడం లేదు. రెండు అతుకులు మాత్రం తిన్నగా, దారం పట్టినట్టు కనిపిస్తున్నాయి. వాటిలోకి నీళ్లు దిగకుండా తారు పోయమన్నాడు.

"ట్రాక్టరు ఎప్పుడు పెట్టుకోవచ్చు?" బాబాయి.

"28 రోజులు పోనీ అన్నా."

"దున్నకం మొదలైంది మేస్త్రీ, బండి రోజూ బయటికీ లోపలికీ తిరగాలి."

"పొలంలోనే ఉంచు. లేదంటే వేప కింద పెట్టు. లోపల మాత్రం అప్పటిదాకా బస్తాలే."

రేకులు వచ్చే ఆదివారం ఎక్కిస్తారు. ఆ లోపు తారు తేవాలి, తలుపు కొలతలు ఇవ్వాలి. తెగిన బెల్టు ఖరీదు మిల్లరు యజమానిదా, బాబాయిదా అన్నది ఇంకా తేలలేదు. సాయంత్రం అతను వస్తానన్నాడు.